నా ఆవిర్లు, అక్క దయ్యం

డిసెంబరు మొదటి ఆదివారం నా మీదికి పరిశుద్ధాత్మ దిగాడు. నేను నోరు తెరవకపోయి ఉంటే బౌరంపేటలో మా సంఘమంతా ఇప్పటికీ అలాగే చెప్పుకునేది. నాకు మాత్రం ఆ నిమిషాన ఒకటే కోరిక. చీర విప్పి అవతల పారేసి, చర్చి వెనకున్న నీళ్ల తొట్టిలో మెడదాకా కూర్చోవాలని.

ఆ రోజు చలి మామూలుగా లేదు. మగవాళ్లంతా మంకీ టోపీల్లో, ఆడవాళ్లంతా శాలువాల్లో ఉన్నారు. పాస్టరు ఎలీషా ప్రసంగం మొదలుపెట్టి నలభై నిమిషాలైనా నోవహు ఇంకా ఓడ ఎక్కలేదు. నేను మూడో వరుసలో కూర్చుని ఆవలింతలు ఆపుకుంటున్నాను. అప్పుడు పొట్టలో ఎవరో పొయ్యి ముట్టించారు. సెగ ఛాతీ మీదుగా మెడకెక్కి చెవులదాకా వచ్చింది. గుండె దడదడలాడింది. శాలువా తీసి పక్కావిడ ఒళ్లో పడేశాను. లేచి నిలబడి స్వెటర్ పైకి లాగాను. అది కాస్తా తల దగ్గర ఇరుక్కుంది, వెధవ స్వెటరు. చేతులు రెండూ గాల్లో, మొహం ఉన్నిలో, ఊపిరాడక "అయ్యో దేవా, కాల్తున్నా!" అని కేకపెట్టాను.

ఎలీషా ఆగిపోయాడు. కీబోర్డు అందుకుంది, డోలక్ అందుకుంది. స్వెటర్లోంచి నా తల బయటపడేసరికి మొహం ఎర్రగా, జుట్టు తడిసి ముద్దగా ఉందట, ఆ చలికి నెత్తి మీంచి ఆవిరి కూడా లేచిందట. ముందు వరుస మోకాళ్ల మీద పడింది. సంఘమంతా హల్లెలూయ అంది. చెమట చల్లారాక వణుకు పుట్టి కుర్చీలో కూలబడ్డాను. ఆ వణుక్కి ఇంకో హల్లెలూయ అన్నారు.

నా పేరు రెబెక్కా. వయసు యాభై ఒకటి. జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ సెక్షన్లో ఇరవై రెండేళ్లుగా ఒకటే పని. డబ్బాలో మాత్రలతోపాటు మడతపెట్టిన కాగితం పడిందా లేదా అని చూడటం. ఈ మందు వల్ల ఏమేం రావచ్చో చిన్న చిన్న అక్షరాల్లో ఉంటుందే, ఆ కాగితం. మీరెప్పుడూ చదివి ఉండరు. నేను చదువుతాను. పదో తరగతి ఇంగ్లీషుతో మొదలుపెట్టి ఇప్పుడు కళ్లు మూసుకుని చెప్పగలను, ఏ మాత్రకి వాంతులో, ఏ మాత్రకి దద్దుర్లో, ఏదేసుకుంటే కాలేయం పోతుందో. అందుకే తలనొప్పి వచ్చినా మాత్ర మింగను, అమృతాంజనం రాసుకుని అందరి మీదా అరుస్తాను.

నెలసరి ఆగి పద్నాలుగు నెలలైంది. ఆగితే పీడ వదిలిందనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. రోజుకి ఎనిమిదిసార్లు ఈ ఆవిర్లు. నిద్ర లేదు. మోకాళ్లు, మెడ, నడుము వంతులేసుకుని నొప్పి. మొగుడి మీదికి ఒకరోజు చపాతీ పీట విసిరాను. తగల్లేదు. తగలనందుకు ఇంకా కోపమొచ్చింది. ఇంకో బాధ కూడా ఉంది, అది మా ఆయనకి తెలుసు, మీకు అనవసరం.

ఆదివారం ముచ్చట అయ్యాక ఇంటికి జనం రావడం మొదలైంది. మా చర్చికొచ్చే కుర్మయ్య తాత వచ్చి తన మోకాలి మీద చెయ్యి పెట్టమన్నాడు. పెట్టాను. సరిగ్గా అప్పుడే ఆవిర్లొచ్చి నా అరచెయ్యి కాలిపోతోంది, ఆయన మోకాలికి కాపడం పడింది, నొప్పి తగ్గింది. ఇక చూసుకోండి. మర్నాటికి ముగ్గురు మోకాళ్లవాళ్లు, ఒక నడుం ఆవిడ.

అందరికంటే సంతోషించింది మా ఆయన సాలోమోను. కరెంటు పని చేస్తాడు. చర్చిలో ఫ్యాన్లు, లైట్లు, మైకు సెట్టు అన్నీ తనే ఉత్తపుణ్యానికి బిగించాడు, సంఘపెద్ద కావాలని. స్టేజి మీద ఎర్ర కుర్చీలు నాలుగుంటాయి, పెద్దలవి. వాటిలో ఒకదాంట్లో కూర్చోవాలని పదిహేనేళ్ల కోరిక. పాపం, అడిగినప్పుడల్లా వచ్చేసారి అన్నారు. ఇప్పుడు ఎలీషాయే ఇంటికొచ్చి, ఫిబ్రవరి రెండో ఆదివారం ఎన్నిక, మీ పేరు నేనే పెడతాను, ఆ రోజు దేవుడు తనకేం చేశాడో రెబెక్కమ్మ అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి అన్నాడు. మా ఆయన ఆ సాయంత్రం తెల్ల చొక్కా కుట్టడానికి ఇచ్చి వచ్చాడు.

"గది ఆత్మ కాదయ్యా, ముట్టాగిన బాధ," అన్నాను.

"ఏదైతే ఏంది? మంట వస్తాందా లేదా?"

"వస్తాంది."

"రానియ్యి మరి. గా ఎన్నిక అయ్యేదాంక జర ఓపిక వట్టు. నీకు దండం వెడ్త."

ఫ్యాక్టరీలో నా పక్కన నిలబడేది దుండిగల్ నుంచి వచ్చే నజ్‌నీన్. నాకంటే రెండేళ్లు చిన్నదే కానీ ఈ రోడ్డు మీద నాకంటే ముందు నడిచింది. ఆత్మ సంగతి చెప్తే మాస్కు లోపల నవ్వి నవ్వి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"అరే అక్కా, నీకు దిమాగ్ ఉందా? మా అమ్మీకి వచ్చింది, నాకొచ్చింది, ఇగ నీకొచ్చింది. మా ఇంట్ల నమాజ్ చదువుతాంటే వచ్చినా ఎవ్వరు కేకలు వెయ్యరు. పంకా వేస్తరు, అంతే. జల్దీ డాక్టర్ దగ్గరికి వో."

"నాకు డాక్టర్లంటే భయం ఉండొద్దా? మా అక్కను సూసినంక గూడ?"

మా అక్క ఏసమ్మ సంగతి చెప్పాలి. నాకంటే మూడేళ్లు పెద్ద. ఒకప్పుడు మా సంఘంలో అక్క పాడితే రోడ్డు మీద పోయే ఆటోలు ఆగేవి. బావ పోయిన ఏడాదే అక్కకి రక్తస్రావం పట్టుకుంది. అప్పటికి ముప్పై నాలుగేళ్లు. ఒక నర్సింగ్ హోమ్‌లో గర్భసంచి తీయకపోతే కేన్సర్ అయిపోతుందని భయపెట్టి, మూడో రోజుకే తీసేశారు. ఆ నర్సింగ్ హోమ్ ఇప్పుడు లేదు, ఆ చోట సోఫాలు అమ్ముతున్నారు. సంచి పోయిన నెలకి అక్కకి దయ్యం పట్టింది. ప్రార్థన మధ్యలో లేచి జాకెట్ గుండీలు తెంపుకునేది, బయటికి పరుగెత్తి నల్లా కింద కూర్చునేది, ఏడ్చేది, అందరినీ తిట్టేది. ఎలీషా వాళ్ల నాయిన అప్పుడు పాస్టరు. నూనె రాసుకున్న చేతులతో చెంపల మీద కొట్టి మూడు శుక్రవారాలు దయ్యాన్ని వెళ్లగొట్టాడు. అక్క కదలకుండా చేతులు పట్టుకున్నది అప్పటికి ఇరవై రెండేళ్ల ఎలీషా. మూడో శుక్రవారం దయ్యం పోయింది.

ఆ కృతజ్ఞతకి మొక్కుగా అక్క ప్రతి శనివారం చర్చి ఊడుస్తుంది. ఇరవై ఏళ్లుగా ఒక్క వారం తప్పలేదు. అయినా దయ్యం పట్టిన మనిషి చేతికి మైకు ఎవరిస్తారు? పాట పోయింది. చివరి వరుసలో చెప్పుల దగ్గర కూర్చుంటుంది. రొట్టె, ద్రాక్షారసం పంచేటప్పుడు అందరికీ అయ్యాక ఆమెకిస్తారు. ఆ మూడు శుక్రవారాలూ నేను అక్కడే ఉన్నాను. గట్టిగానే హల్లెలూయ అన్నాను.

మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. నాకు కాలేదు. అక్కది దయ్యం అని ఊరు చెప్పింది, నాది ఆత్మ అని ఊరు చెప్పింది, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని నా మట్టిబుర్రకి తోచలేదు.

నన్ను డాక్టరు దగ్గరికి తోసింది ఆ కాగితాలే. క్రిస్మస్ ముందు వారం, మూడు రాత్రులు కంటి మీద కునుకు లేదు. పొద్దున లైను మీద నిలబడి కళ్లు తెరుచుకునే నిద్రపోయాను. ఒక కార్టన్ నిండా డబ్బాలు కాగితం లేకుండా నా ముందు నుంచి దాటిపోయాయి. పైగా ఆవిర్లు తట్టుకోలేక గౌను గుండీలు మెడ నుంచి నడుందాకా విప్పేసి ఉన్నాను. మా లైనులో అది పెద్ద తప్పు. సూపర్‌వైజర్ రఘునందన్‌కి ముప్పై ఏళ్లుంటాయేమో. మెమో నా ముందు పెట్టి, "మేడం, ఇంకొక్కసారైతే లైను మీంచి తీసేస్తరు. హెల్త్ ప్రాబ్లం ఏమన్న ఉంటే చెప్పుండ్రి," అన్నాడు.

"ముట్టాగింది సారూ," అన్నాను.

ఆ పిల్లాడు ఫైలు లోపలికి తల దూర్చి మళ్లీ బయటికి తీయలేదు. నజ్‌నీన్ మర్నాడే సెలవు పెట్టించి, నన్ను ఆటోలో కూరి మేడ్చల్ లాక్కుపోయింది.

డాక్టరు పేరు పార్వతీదేవి. అరవై ఏళ్ల మనిషి, జుట్టుకి రంగు లేదు, మాట సూటిగా ఉంది. బీపీ చూసింది. ఇంట్లో ఎవరికైనా రొమ్ము కేన్సర్ ఉందా, కాళ్లలో రక్తం గడ్డలు కట్టాయా, గుండెజబ్బు, పక్షవాతం ఉన్నాయా అని అడిగింది. లేవన్నాను. అమ్మకి, అక్కచెల్లెళ్లకి నెలసరి ఎప్పుడు ఆగిందని అడిగింది.

"అమ్మకు యాబైకి. అక్కకు ముప్పై నాలుగుకే సంచి తీసిర్రు మేడం."

"అండాశయాలు కూడా తీశారా?"

"ఎవరికెర్క? కాయితం గూడ ఇయ్యలే."

"తర్వాత ఆమెకి ఒళ్లంతా వేడి, చెమటలు, ఇవన్నీ వచ్చాయా?"

"లే మేడం. అక్కకు దయ్యం వట్టింది."

డాక్టరు పెన్ను బల్ల మీద పెట్టింది. "ఆ దయ్యం ఏం చేసేది?"

"ఏముంది మేడం, కూసున్నకాడ కూసునేది కాదు. ఒళ్లు కాల్తాందని బట్టలు గుంజుకునేది. సల్లటి నీళ్ల కింద వోయి కూసునేది. నిద్ర వోకపోయేది. ఊకె ఏడ్సేది, కోపానికొచ్చి..."

నా మాట నాకే వినబడింది. అక్కడే ఆగిపోయాను. నజ్‌నీన్ నా భుజం పట్టుకుంది. ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను. ముక్కు చీదుకోవడానికి డాక్టరు తన బల్ల మీది కాగితమిచ్చింది.

"చూడమ్మా, నీకు మెల్లగా ఆగింది, అయినా ఇంత బాధ," అంది. "అండాశయాలు తీసేస్తే ఆ మార్పంతా ఒక్కసారిగా మీద పడుతుంది. ఆ వయసులో ఆమెకి యాభై వచ్చేదాకా హార్మోన్లు ఇచ్చి ఉండాల్సింది. ఎముకలు కూడా అరిగిపోయి ఉంటాయి. తీసుకురా, పరీక్ష చేద్దాం."

పోయినేడు అక్క చీపురు పట్టుకుని జారితే మణికట్టు విరిగింది. అంత చిన్నగా పడితే విరగడమేంటని మేమందరం నవ్వాం కూడా.

తర్వాత నా సంగతి. డాక్టరు మూడు దారులు చెప్పింది. ఏ మందూ లేకుండా ఓర్చుకోవచ్చు, నూలు బట్టలు, నడక, టీలు తగ్గించడం, కొందరికి కొన్నేళ్లలో తగ్గుతుంది, కొందరికి పదేళ్లయినా తగ్గదు. హార్మోను లేని మాత్రలున్నాయి, కొంత పని చేస్తాయి. అన్నిటికంటే బాగా పని చేసేది హార్మోనే. చేతికి రాసుకునే జెల్, దానితోపాటు గర్భసంచి ఉంది కాబట్టి లోపలి పొర పెరగకుండా రాత్రిపూట ఒక గోళీ.

పక్కింటావిడ చెప్పిన మెంతి నీళ్లు, అవిసె గింజల సంగతి అడిగాను. తిను, మంచివే, కానీ వాటిని నమ్ముకుని లైను మీద నిద్రపోకు అంది. సంచి తీయించుకుంటే పీడ పోతుందంటున్నారు అన్నాను. ఆగిపోయిన గడియారానికి ముల్లు పీకేసినంత ఉపయోగం అంది. అక్కడే ఆమె నాకు నచ్చింది.

"జెల్ డబ్బా సూపెట్టుండ్రి," అన్నాను. చూపించింది. అలవాటు కొద్దీ బ్యాచ్ నంబరు చూశాను, గడువు తేదీ చూశాను, కాగితం ఉందా లేదా చూశాను. ఉంది. విప్పి మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టాను. బయట పేషెంట్లు గొణుగుతున్నారు. ఆమె కుర్చీలో వెనక్కి వాలి వింది.

"రొమ్ము కేన్సర్ అని రాసుంది మేడం."

"నిజమే. ఏళ్ల తరబడి వాడితే ముప్పు కొంచెం పెరుగుతుంది. అందుకే ముందు రొమ్ము పరీక్ష చేయిస్తా, ఏడాదికోసారి కూర్చుని ఇంకా కావాలా అని చూద్దాం."

"రక్తం గడ్డలని రాసుంది."

"ఇదే హార్మోను మాత్రగా మింగితే ఆ భయం ఎక్కువ. చర్మానికి రాసేదానితో బాగా తక్కువ."

చివరి వరుసదాకా అడిగాను, చివరి వరుసదాకా చెప్పింది. ఆఖరికి, "నీకు యాభై ఒకటి, బీపీ బాగుంది, కుటుంబంలో ఏమీ లేదు. నీకు దీనివల్ల లాభమే ఎక్కువని నా లెక్క. కానీ శరీరం నీది, వారం ఆలోచించుకో," అంది. ఇరవై రెండేళ్లలో ఆ కాగితాన్ని నాతోపాటు కూర్చుని చదివిన మొదటి మనిషి ఆవిడ.

వారం ఆలోచించాను. రొమ్ము పరీక్ష బాగానే వచ్చింది. జనవరి మొదటి వారంలో జెల్ రాసుకోవడం మొదలుపెట్టాను. రెండు వారాలకి ఆవిర్లు సగమయ్యాయి. నాలుగు వారాలకి ఎప్పుడో ఒకటి. నిద్రపోయాను, దేవుడా, ఎంత నిద్రో. సాలోమోను మీద ఏ వస్తువూ విసరలేదు.

ఆయన మాత్రం పెనం మీద గింజలా ఎగిరిపడుతున్నాడు. "నీ ముఖంల కళ తప్పింది," అన్నాడు. కళ అంటే చెమట. "గా జెల్ పది దినాలు బంద్ వెట్టు. ఎన్నిక అయినంక డబ్బాలకు డబ్బాలు రాసుకో, ఎవలొద్దన్నరు?"

అక్క సంగతి చెప్పాను. చెంబులో నీళ్లన్నీ తాగాడు. తర్వాత, "ఇరవై ఏండ్ల కిందటి ముచ్చట ఇప్పుడు తవ్వుడెందుకు? వదినె గూడ మర్శిపోయింది. నువ్వు సాక్ష్యం చెప్పెటప్పుడు గిసుంటి మాటలు అన్నవనుకో, నా బతుకు ఆగమైతది," అన్నాడు.

చెడ్డవాడు కాదు. పదిహేనేళ్లు నిచ్చెనెక్కి ఫ్యాన్లు బిగించిన మనిషి. ఆయన ఎర్ర కుర్చీ ఒక పక్క, అక్క పేరు ఒక పక్క. నేను నోరు తెరిస్తే కుర్చీ పోతుంది, తెరవకపోతే అక్క చచ్చేదాకా దయ్యం పట్టిన ఏసమ్మే.

ముందు అక్కకే చెబుదామని ఎన్నికకి ముందు శనివారం చర్చికి వెళ్లాను. వంకరగా అతుక్కున్న మణికట్టుతో చీపురు ఎడమ చేతికి మార్చుకుని ఊడుస్తోంది. నన్ను చూసి మొహం వెలిగిపోయింది.

"రెబెక్కా, రేపు సాక్ష్యం చెప్తవంట గదా. నా మూలాన మనింటికి ఒక మచ్చ వడ్డది. నీ మీదికి ఆత్మ వచ్చి కడిగేసింది బిడ్డా. ఇగ నాకేం బాధ లేదు."

ఏం చెప్పను? రెండో చీపురు తీసుకుని పక్కన ఊడ్చాను. "నువ్వొద్దు, నా మొక్కు," అని లాగేసుకుంది.

ఆదివారం చర్చి నిండిపోయింది. పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చారు, నా నెత్తి మీంచి ఆవిరి లేవడం చూడటానికి. సాలోమోను కొత్త తెల్ల చొక్కాలో గోడ పక్కన నిలబడ్డాడు. ఎలీషా మైకందుకుని, చేతులెత్తి పెద్దలను ఎన్నుకునే ముందు సహోదరి రెబెక్కా సాక్ష్యం అని ప్రకటించాడు. స్టేజి ఎక్కాను. పాట మొదలైంది.

అందరూ నా మొహం చూస్తున్నారు. పాట అయిపోయింది, నేను చల్లగా నిలబడి ఉన్నాను. ఎలీషా సైగ చేస్తే మళ్లీ అందుకున్నారు, ఈసారి డోలక్ గట్టిగా. కుర్మయ్య తాత చప్పట్లు కొట్టి కొట్టి అలిసిపోయాడు. మూడోసారి పాడారు. పాడేవాళ్లకి చెమటలు కారుతున్నాయి, నాకు లేవు. అబద్ధమెందుకు, అప్పటిదాకా నేను రెండు ముక్కలు స్తోత్రం చెప్పి దిగిపోదామనే అనుకుంటున్నాను. మొగుడి మొహం చూస్తే జాలేసింది.

అప్పుడు నా నెత్తి మీది ఫ్యాన్ మెల్లగా తిరిగి ఆగిపోయింది. ఆ ఒక్కటే. మిగతావన్నీ తిరుగుతున్నాయి. స్విచ్‌బోర్డు వైపు చూశాను. సాలోమోను చెయ్యి మూడో స్విచ్ మీద ఉంది, కళ్లు మాత్రం పైకప్పు వైపు ఉన్నాయి. ఏ స్విచ్ ఏ ఫ్యాన్‌దో ఆ చర్చిలో ఇంకెవరికీ తెలియదు.

నాకు ఒళ్లు మండింది. ఈ మంటకి జెల్ పనిచేయదు.

"ఏమయ్యో, పంకా వెయ్యి," అన్నాను మైకులో. "ఎంతసేపు బంద్ వెట్టినా మంట రాదు. మందు వాడుతున్న."

కీబోర్డు ఆగింది.

"నా మీదికి ఏ ఆత్మ రాలే. నాకు ముట్టాగింది. ఆగినంక ఒళ్లు మండుతది, చెమట్లు వోస్తయి, నిద్ర రాదు. ఈడ యాబై దాటిన ఆడోళ్లల్ల సగం మందికి ఎర్కనే. ఎవ్వరం నోరిప్పం. మీరు దండాలు వెడ్తాంటే నాకు గూడ మంచిగనే అనిపిచ్చింది, గందుకే నేను గూడ నోరిప్పలే."

మగవాళ్లు నేల చూపులు చూస్తున్నారు. ఎలీషా మైకు కోసం చెయ్యి చాచాడు. నేనివ్వలేదు.

"గిదే మంట మా అక్కకు ముప్పై నాలుగేండ్లకే వచ్చింది. సంచితోని పాటు అండాశయాలు గూడ తీసినట్టున్నరు, ఎవ్వరు చెప్పలే. నేను స్వెటర్ ఇప్పిన, అక్క జాకెట్ గుండీలు ఇప్పింది. అంతే ఫరక్. నాకు నెల జీతముంది, మొగడున్నడు, మూడో వరుసల కూసుంట, గందుకే నాది ఆత్మ. అక్కకు అప్పుడే బావ సచ్చిపోయిండు, గందుకే అక్కది దయ్యం. మీరు కొడ్తాంటే నేను హల్లెలూయ అన్న. అక్కా, తప్పయింది."

ఎలీషా గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మరి నాయిన ప్రార్థన చేసినంక ఆమెకు నెమ్మదయ్యింది గదా. మూడో వారం గది వెళ్లిపోయింది గదా," అన్నాడు.

చివరి వరుసలో చెప్పుల దగ్గర్నుంచి అక్క లేచింది. మైకు అవసరం లేదు, పాడే గొంతు అది.

"పోలే అయ్యా. మూడో శుక్రారం మీ నాయిన పొయ్యిందా అని అడిగితే, పొయ్యిందన్న. పోలే. పన్నెండేండ్లు నాతోనే ఉండె. చెప్తే మళ్ల కొడ్తరని చెప్పలే. నువ్వు నా చేతులు మస్తు గట్టిగ వట్టుకున్నవ్ బిడ్డా."

ఎలీషా స్టేజి అంచున కూర్చుండిపోయాడు. సాలోమోను నా ఫ్యాన్ వేశాడు. ఇక ఏం చేయాలో తోచలేదేమో, ఉన్న లైట్లు కూడా అన్నీ వేశాడు.

ఎన్నిక ఆ రోజు జరగలేదు. బయట నల్లా దగ్గర ఆడవాళ్లు నన్ను చుట్టుముట్టారు. తిడతారనుకుంటే, మేడ్చల్లో డాక్టరు ఏ సందులో ఉంటుంది, ఏ రోజుల్లో చూస్తుంది అని ఒకటే అడగడం. కుర్మయ్య తాత మాత్రం దిగులుగా, "మరి నా మోకాలు?" అన్నాడు. వేడినీళ్ల సంచి కొనుక్కో తాతా అన్నాను.

మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం తింటూ, తల ఎత్తకుండా, "వదినెను దవఖానకు తీస్కవోయే దినం చెప్పు, ఆటో మాట్లాడుత," అన్నాడు.

శనివారం అక్క చర్చి ఊడ్వలేదు. ఎముకల పరీక్షకి నాతో మేడ్చల్ వచ్చింది. దారంతా ఆటో బయటికే చూసింది. దిగేముందు ఒకే మాట అడిగింది. "అయితే రెబెక్కా, గన్నేండ్లు నేను ఊడ్సింది దేనికే?" ఆ వంకర మణికట్టు పట్టుకుని కిందికి దింపాను.

ఆదివారం మేమిద్దరం కొంచెం ఆలస్యంగా వెళ్లాం. బౌరంపేట చుట్టూ ఎటు చూసినా అపార్ట్‌మెంట్లు కడుతున్నారు, ఒక్క వారం ఊడ్వకపోతే సిమెంటు దుమ్ము కుర్చీల మీద పొరలా పేరుకుంటుంది. లోపల అందరూ జేబురుమాళ్లు, కొంగులు తీసి ఎవరి కుర్చీ వాళ్లు తుడుచుకుంటున్నారు. అక్క చెప్పుల దగ్గర ఆగలేదు, నేరుగా నడిచి మూడో వరుసలోకి వచ్చింది. ఖాళీ కుర్చీ మీద దుమ్ము చూసి అలాగే నిలబడింది.

ఎలీషా స్టేజి దిగి వచ్చాడు. మెడలో ఉన్న తెల్ల కండువా తీసి వంగి ఆ కుర్చీ తుడిచాడు. వెనకభాగం తుడిచాడు, కుర్చీ చేతులు తుడిచాడు. అక్క కూర్చోలేదు.

"గా మూలకింత దుమ్ముంది సూడు అయ్యా," అంది.